ఎర్రగౌను నోట నా తెలుగు

ఆ రోజుల్లో నాకు కోపం బస్తాలకొద్దీ ఉండేది. దించుకోవడానికే చోటు దొరికేది కాదు. సింగపూర్‌లో నా ఉద్యోగం పర్మిట్ కంపెనీ చేతిలో, కంపెనీ మా టీం లీడ్ అయిన తెలుగు మేడమ్ చేతిలో. (కోప్పడటానికి కూడా వేరే పర్మిట్ కావాలేమోనని నిజంగానే అనుకునేవాణ్ణి.) రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నిటికీ పిచ్చెక్కుతుందని లోకం వణుకుతున్న కాలమది. జురాంగ్ ఈస్ట్ ఆఫీసులో మూడు వారాలు కళ్లు పొడుచుకుని, రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేసే ప్రోగ్రాము రాశాను. తీరా చూస్తే మొదటి లైన్లో ‘రాసినవారు’ అన్నచోట మేడమ్ పేరుంది. నా పేరు పక్కన కాదు కదా, కింద కూడా లేదు. నేనేం చేశానంటారా? "బాగుంది మేడమ్" అన్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ చెవులు కాలుతున్నాయి.

నేను అద్దెకుండేది టోవా పాయోలో ఒక హైదరాబాదీ ఆంటీ ఇంట్లో. ఇంట్లో ఉర్దూ అయినా, ఆవిడ పుట్టి పెరిగింది వరంగల్లో కాబట్టి తెలుగు నాకంటే గట్టిగా మాట్లాడేది. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు పోతే, నా షిఫ్టు సాయంత్రం నాలుగింటికి గనక, మధ్యాహ్నం ఇంట్లో మిగిలేది ఆంటీ, నేను, టీవీలో ఎర్రగౌను. ఎర్రగౌనంటే ఒక అమెరికా సీరియల్లో దుర్మార్గురాలు. పేరు మాకు నోరు తిరగక, వేసుకున్న గౌను రంగుతో పిలిచేవాళ్లం. అప్పటికే ఏడుసార్లు పెళ్లాడింది, మూడుసార్లు చచ్చింది. విమానం కూలినా కాటుక చెదరలేదు. ఆవిడ కుడి కనుబొమ్మ లేచి దిగేలోపు రెండు సంసారాలు కూలాల్సిందే. ఆంటీకి ఇంగ్లీషు రాదు. తెర కింద పడే అక్షరాలు చైనా భాషవి. అంచేత "బేటా, ఏమన్నది అది?" అని నన్నడిగేది. అమెరికా వాళ్ల ఇంగ్లీషు నాకూ సగమే తెలిసేది. ఆ సంగతి చెబితే మధ్యాహ్నం భోజనం పోతుంది. అంచేత మిగతా సగం నేనే పోసేవాణ్ణి.

ఎర్రగౌను మీద ఆంటీకి కోపమొస్తే అది గరిటెలో కనపడేది. తిడుతూ తిడుతూ నా కంచంలో ఖట్టీ దాల్, ఖీమా కొండలా పోసేది. ఆ కిటుకు కనిపెట్టాక ఎర్రగౌను పాపాలు నా చేతిలో రోజురోజుకీ పండాయి. ప్రోగ్రాము మీద నా పేరు పోయిన మర్నాడు మాత్రం నేను తిండి కోసం చెప్పలేదు. తెరమీద ఆవిడ ఫోనులో ఏదో గొణుగుతోంది. నా నోటివెంట దానంతటదే వచ్చింది.

"‘ఆ కుర్రాడు రాసిన ప్రోగ్రాము మీద నా పేరేసుకున్నా, వాడేం పీకుతాడు?’ అంటోంది, ఆంటీ!"

"ప్రోగ్రామా? మొన్న హోటల్ ఓనర్ కద ఇది?"

"కంప్యూటర్ బిజినెస్ కూడా పెట్టిందండీ."

"థూ! నీ గౌను కాలిపోను!" అని ఆంటీ తెర మీదికి గరిటె విసరబోయింది. ఆహా, ఎంత చల్లగా ఉందో ప్రాణానికి! అక్కణ్ణుంచి రెండు నెలలపాటు మేడమ్ ఆఫీసులో నన్నన్న ప్రతి మాటా మర్నాడు ఎర్రగౌను నోట పలికించాను. తిట్టేది ఆంటీ, సంతోషించేది నేను.

ఒకరోజు జలుబు చేసి ఆంటీ కోడలు ఇంట్లో ఉండిపోయింది. సింగపూర్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల, మాట చివర అక్కడివాళ్ల ‘లా’ తగిలిస్తుంది. సోఫాలో ముక్కు తుడుచుకుంటూ నా అనువాదం చివరిదాకా విన్నది.

"అమ్మీ, ఆమె అట్ల అనలేదు లా! పిల్లికి ఒంట్లో బాలేదని ఏడుస్తున్నది. ప్రోగ్రాము లేదు, ఏం లేదు. ఇతను అంతా కల్పిస్తున్నడు!"

ఆంటీ టీవీ కట్టేసింది. నా కంచం తన వైపు లాక్కుంది. "రెండు నెలల్నుంచి నేను ఎవరిని తిడుతున్న బేటా?"

చెప్పాను. సిగ్గుతో సగం, ఆకలితో సగం.

"అంటే నీ కోపం నాతో పడేయించినవ్! నీకు నోరు లేదా? పో, పోయి నీ పేరు నువ్వడుగు. అడిగొచ్చినంక అన్నం."

ఆ సాయంత్రం ఖాళీ కడుపుతో ఆఫీసుకెళ్లాను. రైల్లో దారిపొడవునా గొప్ప ఉపన్యాసం తయారుచేసుకున్నాను. మేడమ్ ఇంటికి బయల్దేరుతోంది. "మేడమ్, ఆ మొదటి లైన్లో నా పేరు..." అన్నాను. అంతే, ఆవిడ కుడి కనుబొమ్మ లేచింది! "ఏంటి బాబూ, టీంలో నీదీ నాదీ ఏముంటుంది? మనమంతా ఒక ఫ్యామిలీ కదా!"

ఉపన్యాసం ఎటు పోయిందో పోయింది. రెండు నెలల అలవాటు నోటికొచ్చింది. "థూ! నీ గౌను కాలిపోను!" అని అరిచాను. ఆవిడ ఒంటిమీదున్నది పంజాబీ డ్రెస్సు. తన ఒంటికేసి ఒకసారి చూసుకుంది పాపం. ఆఫీసంతా లేచి నిలబడింది. (మూడు బిల్డింగుల అవతలిదాకా వినపడిందని తర్వాత నేనే ప్రచారం చేశాను.) గదిలోంచి చైనా మేనేజరు వచ్చాడు. నా పర్మిట్‌కు మనసులోనే దండం పెట్టేసి, వచ్చిన ఇంగ్లీషంతా కక్కేశాను. ఆయన ఇద్దరినీ ఒక్కటే అడిగాడు: పంతొమ్మిది వందలకు లేని ఫిబ్రవరి ఇరవై తొమ్మిది రెండువేలకు ఎందుకుంది? మేడమ్ ఫ్యాను కేసి చూసింది. నేను చెప్పాను, వందతో తెగే సంవత్సరం నాలుగువందలతో కూడా తెగితేనే లీపు అని. ఆయన మొదటి లైన్ దిద్దించాడు. పైన మేడమ్ పేరు, కింద నా పేరు. అరిచినందుకు క్షమాపణ పత్రం కూడా నాచేతే రాయించాడు.

ఇంటికెళ్లి చెబితే ఆంటీ మండిపడింది. "కింద కైకు? రాసింది నువ్వయితే పైన అదెందుకున్నది?" అని మేనేజర్ని కూడా కలిపి తిట్టి, కంచం నింపింది. జలుబు తగ్గేదాకా ఇంట్లోనే ఉన్న కోడలి అనువాదం వారం రోజులు విన్నాక నన్ను మళ్లీ పిలిచింది. "ఈమె నిజం చెప్తే నిద్రొస్తున్నది బేటా. నువ్వే చెప్పు. మీ ఆఫీసు ముచ్చట మాత్రం కలపకు."

ఇప్పుడు నాకు బట్టతల, బీపీ, ఆపైన నేనే లీడ్. మొన్న కొత్తగా చేరిన అమ్మాయి చక్కని పని చేసి తెచ్చింది. పైవాళ్లకు చూపించే కాగితం మీద తన పేరు ఎక్కడా లేదు, అంతా నాదే. "బాగుంది సార్" అంది ఆ అమ్మాయి. ఆ ‘బాగుంది’ ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. చెవులు భగ్గుమన్నాయి. కూర్చుని పేరు దిద్దాను. పైన ఆమెది, కింద కూడా ఆమెదే.

ఆ రోజు నేను వేసుకున్న చొక్కా ఏ రంగుదో మాత్రం అడక్కండి.