ఓవరు ఓవరుకీ నాన్న

మా నాన్న పోయిన మూడో నెలలో టీవీలోకి వచ్చాడు.

హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో లేత్ మిషను మీద పని ముగించుకుని ఇంటికొచ్చి, యాప్‌లో క్రికెట్ పెట్టాను. ఓవరు అయిపోయి ప్రకటన మొదలైంది. ఉక్కు ప్లాంటు గేటులోంచి నాన్న సైకిల్ తోసుకుంటూ వస్తున్నాడు. మోకాలు పట్టుకుని ఆగాడు, ఏదో నూనె రాసుకున్నాడు, గబగబా మెట్లెక్కేశాడు, చివర్లో మా వైపు చూసి నవ్వాడు. వంటింటి గుమ్మంలో అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తరువాతి ఓవరు అవగానే నాన్న మళ్లీ వచ్చాడు.

ఆ షూటింగ్ సంగతి మేం మరిచేపోయాం. ఆయన పోవడానికి కొన్నాళ్ల ముందు ఎవరో నొప్పుల నూనె కంపెనీవాళ్లు భిలాయి వచ్చారు. రిటైరైన అసలు కార్మికుడి ముఖం కావాలట. సుపేలా బజారులో టీ కొట్టు దగ్గర నాన్నను పట్టుకుని, ‘అంకుల్‌జీ, అంకుల్‌జీ’ అంటూ సగం రోజు తిప్పారు. వెనక్కి నడుస్తున్న కెమెరావాడు మెట్టు తట్టుకుని చతికిలబడితే నాన్నకి నవ్వాగలేదట. ఆ నవ్వే ఉంచేసుకున్నారు. తర్వాత ఇంగ్లీషు కాగితాల మీద సంతకం పెట్టించుకున్నారు. ప్లాంటులో ముప్పై ఏళ్లు సేఫ్టీ కాగితాల మీద చదవకుండా సంతకాలు చేసిన చెయ్యి, ఇక్కడా చేసేసింది. అందులో ఏం రాశారని నేనడిగితే, “ఏటుంటాదిరా, అన్నీ ఒకలాగే ఉంటాయి” అన్నాడు. షూటింగ్ అయ్యాక వాళ్లిచ్చి పంపిన నూనె ఒక్క చుక్క కూడా ఆయన మోకాలికి అంటలేదు. అంతా సైకిల్ చైనుకే పోశాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. నెలనెలా డబ్బు గుంజుకుంటూ కూడా ఆ యాప్‌వాళ్లు ప్రకటన దాటేసే వీలివ్వరు. వికెట్ పడితే నాన్న, నీళ్లు తాగడానికి ఆగితే నాన్న. బంతి బౌండరీ చేరకముందే ఆటను కోసేసి నాన్నను తోస్తారు. పైగా ఆ గొంతు ఆయనది కాదు. నలభై ఏళ్లు ఇక్కడ బతికినా నాన్న హిందీలోంచి శ్రీకాకుళం పోలేదు. టీవీలో మాత్రం ఎవడో శుద్ధమైన హిందీలో “ఇప్పుడు నాకు ఏ నొప్పీ లేదు” అంటాడు. గుండెనొప్పితో పోయిన మనిషి చేత ఆ మాట అనిపిస్తారా?

అన్నిటికంటే అమ్మ సంగతే నన్ను తినేసింది. జన్మలో క్రికెట్ వైపు చూడని మనిషి, మ్యాచ్ ఉన్న రోజు పని మానేసి టీవీ ముందు కూర్చునేది. నేను వచ్చేసరికి ఆమె కళ్లు తడిగా ఉండేవి, టీవీకి మ్యూట్ నొక్కి ఉండేది. కట్టేయొచ్చు కదమ్మా అంటే, “ఉండనీరా” అనేది. ఈ నరకం నుంచి ఆమెను తప్పించాలి, ఆ ప్రకటన తీయించాలి. అదొక్కటే పట్టుకున్నాను.

నూనె కంపెనీ కస్టమర్ కేర్‌లో ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటూ తిప్పి తిప్పి చివరికి ఒకమ్మాయిని ఇచ్చారు. మీ ప్రకటనలో ఉన్నాయన చనిపోయాడమ్మా అంటే, “మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్. మీరు కొన్నది చిన్న సీసానా, పెద్దదా?” అంది. యాప్‌వాళ్లు కంపెనీని అడగమన్నారు. కంపెనీ ఆ ప్రకటన తీసిన ఏజెన్సీని అడగమంది. ఏజెన్సీ నాన్న సంతకం చూపించింది. నాకు తిక్కరేగి, నాన్న మరణ ధ్రువపత్రాన్ని ఫొటో తీసి కంపెనీ పేజీలో కనిపించిన ప్రతి ప్రకటన కిందా పెట్టాను. మర్నాడే ఒక పెద్ద ఆఫీసరు ఫోన్ చేశాడు. “చనిపోయిన మనిషని తెలిస్తే సరుకు మీద నమ్మకం పోతుంది భయ్యా. అన్నిచోట్లా తీసేస్తున్నాం” అన్నాడు. వాడి బాధ అది. అయినా నేను గెలిచాననుకున్నాను. అమ్మకి చెప్పలేదు.

నెల రోజులు మ్యాచ్‌లేవీ లేవు. ఆ తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం మ్యాచ్. అమ్మ పెందలాడే వంట ముగించి, చేతులు తుడుచుకుని, రిమోట్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఓవరు అవగానే మ్యూట్ నొక్కింది. అదే గేటు, అదే నూనె, అవే మెట్లు. ఎక్కుతున్నది మాత్రం ఎవరో కుర్ర ఆటగాడు. తర్వాతి ఓవరుకీ నొక్కింది. ఆ తర్వాతి ఓవరుకీ నొక్కింది.

“మీ నాన్న రాలేదేట్రా ఇవాళ?”

చెప్పక తప్పలేదు. చెప్పాను. అమ్మ ఒళ్లోంచి రిమోట్ తీసి పక్కన పెట్టింది.

“ఎవులు తీయించమన్నారురా నిన్ను? ఆ ముదనష్టపు గొంతు నొక్కేసి ఆయన్ని చూసుకునేదాన్ని. ఆ నవ్వు ఆయనదేరా. గోడ మీద ఒక్క ఫొటోలోనైనా నవ్వేడేటి మీ నాన్న?”

లేదు. అన్నిట్లోనూ గేటు పాసు ఫొటోకి దిగినట్టు బిగుసుకుని ఉన్నాడు. నా ఫోనులోని వీడియోలన్నీ పిల్లలవే. చూసిన ప్రతిసారీ తిట్టుకున్నానే తప్ప, ఆ ప్రకటనని ఒక్కసారైనా దాచుకోలేదు.

కంపెనీకి మళ్లీ ఫోన్ చేశాను, ఒక్క కాపీ ఇమ్మని. ఆ వీడియో మా సొత్తు సార్, బయటికి ఇవ్వం అన్నారు. పెట్టేసిన నిమిషానికి మెసేజ్ వచ్చింది: మీ ఫిర్యాదు పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?

ఇప్పటికీ మ్యాచ్ ఉన్న రోజు అమ్మ టీవీ ముందు కూర్చుంటుంది. ఓవరు అవగానే మ్యూట్ నొక్కుతుంది. నేను చెప్పులేసుకుని బయటికి పోతాను.