పన్నెండింటి పేలుడు

మాదాపూర్‌లో అద్దెకు దిగిన రోజు నుంచీ పుణ్యవతికి ఒకటే చికాకు. హైటెక్ సిటీ పక్కన కొత్త రోడ్డు కోసం రోజూ పన్నెండింటికి బండలు పేల్చేవారు. ముందు విజిల్ వేస్తారు, పావుగంటకి పేలుస్తారు. విజిల్ వినగానే ఆవిడ అలమారలోని గాజు గ్లాసులన్నీ తీసి పరుపు మీద పడుకోబెట్టేది. వారానికోసారి మేస్త్రీ మల్లయ్య దగ్గరికెళ్లి, మా తెనాలిలో ఇలాంటివి సాగవని దులిపేసి వచ్చేది.

ఆరు నెలలు తిరిగేసరికి ఆవిడ గడియారం చూడటం మానేసింది. విజిల్‌కి ఎసట్లో బియ్యం పోసేది, పేలగానే గంజి వార్చేది. అన్నం మల్లెపువ్వులా ఉండేది.

ఒక గురువారం విజిల్ వేశారు గానీ, అరగంటైనా పేలుడు రాలేదు. గ్లాసుల దగ్గర కాపలా ఉన్న పుణ్యవతికి మాడు వాసన తగిలింది. అన్నం ముద్దై అడుగంటింది. ఆవిడ మాడిన గిన్నె పట్టుకుని, ఎర్రజెండా దగ్గర నిలబడ్డ మల్లయ్య ముందుకి వెళ్లింది.

"వైరు తెగిందమ్మా, జర ఆగుర్రి," అన్నాడతను. "అయినా, పేల్చొద్దని ఆర్నెల్ల సంది లొల్లి పెడ్తున్నది మీరే గద."

పుణ్యవతి గిన్నె అతని ముఖం ముందు పెట్టింది.

"పేల్చొద్దన్నానండి. ఆలస్యంగా పేల్చమన్నానా?"