మామ్మ మానేసిన స్నానం

ఎండుచేపల గంప ఎక్కగానే రైలుపెట్టెలో అందరూ ఉత్తరీయాలతో ముక్కులు మూసుకుంటారు. నాకు మాత్రం ఓనమాలు గుర్తొస్తాయి. మొన్న మా కొవ్వూరు నుంచి గోదావరి వంతెన దాటుతున్నప్పుడు గట్టిగా ఊపిరి పీల్చానేమో, పక్కాయన జాలిగా చూశాడు. మా మామ్మను ఎరగడు కదా, పాపం.

అమ్మా నాన్నా లేని నన్ను పెంచింది మామ్మే. తాత పోయాక అవతలి ఒడ్డున, రాజమండ్రి ఆడపిల్లల బడిలో పంతులమ్మగా చేరింది. సాయంత్రం పడవ దిగి, తలమీదుగా స్నానం చేసి, మడి కట్టుకున్నాకే వంటింట్లో అడుగుపెట్టేది. బడిలో ఎవరెవరి పిల్లల్నో ముట్టుకుంటుంది గనక ఇంట్లో అది ఒప్పందం. మోకాళ్లు పడవ ఎక్కనివ్వక పని మానుకున్నప్పుడు, ఇక ఈ మైల గొడవ వదిలిందని ఆవిడ మరిది, మా చిన్నతాత, సంతోషించాడు. ఆ సంతోషం వారం రోజులుంది.

చేపలమ్మే సత్తెమ్మ తన కూతురు నూకాలును వెంటబెట్టుకుని మా వీధి అరుగు దగ్గరికొచ్చింది.

"మా ఆయన బర్మాలో రంగం నుంచి ఉత్తరాలు రాయిస్తన్నాడండీ. రేవులో పదిమంది మధ్య చదివించుకోవాల్సొస్తంది. మా ఇద్దరి మాటలూ ఊరంతా చెప్పుకుని నవ్వుతన్నారండి. దీనికి నాలుగచ్చరాలు చెప్పండి పంతులమ్మగారూ."

మామ్మ అరుగు మీద ఇసుక పోసి, ఎండుచేపల వాసనేసే ఆ చిన్న చెయ్యి పట్టుకుని దిద్దించింది. తరవాత స్నానం. మర్నాడూ దిద్దించడం, మర్నాడూ స్నానం. నూతిలో నీళ్లు తోడేది ఎఫ్.ఏ. పరీక్ష తప్పి ఇంట్లో కూర్చున్న నేను. స్త్రీవిద్య కోసం ఈ సీమలో నా అంత చాకిరీ చేసినవాడు లేడు.

పుష్యమాసం చలికి మామ్మకు దగ్గు పట్టుకుంది. తలమీద చుక్క నీరు పడితే మనిషి దక్కదన్నాడు వైద్యుడు.

"ఇంకేముంది వదినా, ఆ పిల్లను మానిపించెయ్యి" అన్నాడు చిన్నతాత.

"వైద్యుడు స్నానం మానమన్నాడయ్యా, పిల్లను కాదు."

"స్నానం లేకుండా వంటింట్లోకి ఎలా వస్తావు?"

"రాను. పొద్దున్నపూట కూడా పాఠం చెప్పుకోవచ్చు."

చిన్నతాత ప్రళయం వచ్చినట్టు చూశాడు. ప్రళయం రాలేదు గానీ మర్నాటి నుంచి ఆయన వంట వచ్చింది. రెంటికీ తేడా తక్కువే.

మామ్మకు విస్తరి అరుగు మీదికే వచ్చేది. నలభై ఏళ్లు తను ఏలిన వంటింటికి దూరంగా కూర్చుని, మాడిన పప్పు మారుమాట లేకుండా తినేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"బాధగా లేదా మామ్మా?"

"ఉందిరా. ఉప్పు కూడా ఎక్కువైంది." కొత్తగా రావడం మొదలెట్టిన నూకాలు చెల్లెల్ని చూపించింది. "ఖాళీగానే ఉన్నావుగా, దాని చెయ్యి పట్టుకో. గుడి తిప్పలేకపోతోంది."

పట్టుకున్నాను. నీళ్లు తోడటం కంటే కష్టమైన పని.

ఎండాకాలంలో రంగం నుంచి ఉత్తరం వచ్చింది. నూకాలు అరుగు చివర కూర్చుని, తల్లి చెవిలో గుసగుసగా, కూడబలుక్కుంటూ చదివింది. సత్తెమ్మ ఒకసారి నవ్వింది, ఒకసారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిన్నతాత మెడ గుమ్మంలోంచి బారెడు సాగింది.

"లోపలికి వెళ్లవయ్యా, పప్పు మాడుతోంది" అంది మామ్మ. తనూ గోడవైపు తిరిగి కూర్చుంది.

దగ్గు తగ్గాక కూడా ఆ స్నానం మళ్లీ మొదలుపెట్టలేదు. రెండేళ్లు అరుగు మీదే తిని, అరుగు మీదే చెప్పి, వెళ్లిపోయింది.

ఇప్పుడు నేనూ బడిపంతుల్నే. ఎవరి పిల్లలైనా సరే, చెయ్యి పట్టుకునే దిద్దిస్తాను. ఇంటికొచ్చి, అన్నానికి ముందు చేతులు కడుక్కుంటాను. అంతే.