మైకు మామ నేర్పిన వ్యాసం

ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి నేను. అయినా పంచాయతీ ఎన్నికలప్పుడు జీపెక్కి మైకు పట్టుకుంటే, గురజాల చుట్టుపక్కల నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. మా అక్క కూతురికీ అదే నమ్మకం. ఏడో తరగతి చదువుతున్న ఆ పిల్ల ఒక సాయంత్రం నోటుబుక్కు తెచ్చి నా ముందు పడేసింది.

“మామా, గొప్పోళ్ల మీద వ్యాసం రాయాలంట. చదివినోళ్లు ఔనని ఒప్పుకోవాలంట. బాగా రాసినోళ్లను మాచర్లలో పోటీకి పంపుతారు. నేను పోవాల్సిందే.”

చూశాను. మాస్టారు బోర్డు మీద రాసిచ్చిన నాయకుడి గురించే రాసింది. ‘చాలా గొప్పవారు’ అని నాలుగు చోట్ల ఉంది.

“ఏమే, గొప్పోడు గొప్పోడంటే ఎవడు నమ్ముతాడే? ఏం చేశాడో చెప్పాల. నీ కళ్లతో చూసిన గొప్ప మనిషే లేడా?”

కాసేపు పెన్ను కొరికి, “మన వీధి పిన్నమ్మ” అంది. పిన్నమ్మది నాపరాళ్ల క్వారీలో పని. ఎండాకాలంలో యజమాని నీళ్లకుండ, పందిరి పెట్టేదాకా ఆడవాళ్లందరి చేతా సుత్తులు కింద పెట్టించిన మనిషి. పిల్ల అదంతా చకచకా రాసేసింది.

అక్కడితో ఆగితే బాగుండేది. నాకు జీపెక్కినంత ఊపొచ్చింది. “మనోళ్లను పొగిడితే సగమే అయినట్టు. ఎదుటి అభ్యర్థిని ఉతకాల!” అన్నాను. ఉతికింది.

మర్నాడు మాస్టారు కబురు పంపారు. ఒకప్పుడు నాతో గోడకుర్చీ వేయించిన మాస్టారే. తరగతి ముందు నన్ను నిలబెట్టి వ్యాసం పైకి చదివారు: “మాస్టారు చెప్పిన మహానుభావుడు మా వీధికి ఒక్కసారైనా వచ్చాడా? దాహమైతే గుక్కెడు నీళ్లిచ్చాడా? కాబట్టి మీ అమూల్యమైన ఓటు పిన్నమ్మకే!”

“ఒరేయ్, ఇది నీ పనేగా?”

“తిట్లు, ఓటు నావండి. నీళ్లకుండ పిల్లది.”

మేనకోడలు మాచర్ల బస్సు తప్పిపోయినట్టు తల దించుకుంది.

మాస్టారు పిల్లలవైపు తిరిగారు. “పిన్నమ్మ గొప్పదని ఒప్పుకున్నోళ్లు చేతులెత్తండి.”

అందరూ ఎత్తారు. చివరి బెంచీలో ఇద్దరు రెండేసి చేతులు ఎత్తారు. దొంగ ఓట్లు మాత్రం నేను నేర్పలేదు.

“తిట్లు కొట్టెయ్, ఓటు కొట్టెయ్. నీళ్లకుండ ఉంచు. శనివారం మాచర్ల పోదాం” అన్నారు పిల్లతో.

నేను మెల్లగా గుమ్మం దాటబోయాను.

“నువ్వెక్కడికిరా? కూర్చో. బడి మానెయ్యడం మంచిపనేనని నన్ను ఒప్పిస్తూ ఒక పేజీ రాయి.”

పక్క బెంచీలో మేనకోడలు అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. మూడు లైన్లు రాసి పెన్ను మూసేశాను. నా ఓటు కూడా నాకు పడేలా లేదు.