కాలవ గట్టు పార్కులో పడుగు

చౌడేశ్వరమ్మ పామర్రు నుంచి బెజవాడకు కాపరం మార్చింది రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో. గవర్నర్‌పేటలో బట్టల కొట్టాయన మగ్గం పెట్టుకోవడానికి తన ఇంటి వసారా ఇచ్చాడు. మగ్గానికి చోటు సరిపోయింది గాని పడుగు సాచడానికి సందు చాల్లేదు. పామర్రులో అయితే వీధి వీధంతా నేతవాళ్లదే. నూలు పోగుల్ని ఈ చివర నుంచి ఆ చివరకి బారుగా కట్టి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టేవాళ్లు. ఇక్కడ సందులో రెండు జట్కాలు ఎదురైతేనే పేచీ.

వెతగ్గా వెతగ్గా బందరు కాలవ గట్టున పార్కు ఒకటి కనపడింది. చెట్ల నీడన తిన్నగా పోయే దారి చూసి ఆమె ప్రాణం లేచివచ్చింది. భర్త వెంకటప్పయ్య జంకుతుంటే తనే వెళ్లి తోటమాలి ఆమోసును అడిగేసింది.

"ఎండెక్కేలోపు తీసేస్తాం అన్నా. నీ మొక్కల జోలికి రాం."

ఆమోసు తల గోక్కుని, "సరేలే అమ్మా, పెందలాడే వచ్చి పెందలాడే పోండి" అన్నాడు.

అందరూ అంత మెత్తనివాళ్లు కారు. మిషను బడిలో పని చాలించిన కృపానందం మేష్టారు రోజూ ఆ దారినే చేతికర్ర ఊపుకుంటూ నడిచేవాడు. పచ్చిక మీదికి దిగడం ఆయనకు నామోషీ. పడుగు పక్కనే ఇరుక్కుని నడవబోతే పంచె అంచంతా గంజి అయింది.

"ఏమమ్మా, ఇది నలుగురూ నడిచే దారా, మీ ఇంటి వాకిలా?"

"ఆ నలుగురిలో మేమూ ఉన్నాం కదండీ మేష్టారూ" అంది ఆమె, కుంచె ఆపకుండా.

బడిలో అయితే బెంచీ ఎక్కించేవాడే. ఇక్కడ పంచె దులుపుకుని విసవిసా వెళ్లిపోయాడు. మర్నాడు మళ్లీ అదే దారిన వచ్చాడు, పంచె కాస్త పైకి కట్టుకుని.

శ్రావణంలో ఒకనాటి పొద్దున కొండ మీదినుంచి మబ్బు ఒక్కసారిగా దిగింది. నూలు కరువు రోజులు. పచ్చి గంజి మీద వాన పడితే పోగులన్నీ అంటుకుపోయి పడుగు పడుగంతా పాడవుతుంది. చౌడేశ్వరమ్మ గబగబా ఒక కొస అందుకుంది. ఆ చివర వెంకటప్పయ్య, ఈ చివర తను. నడుమ పట్టేవాళ్లేరీ?

"చూస్తారేంటయ్యా, రండి" అని కేక పెట్టాడు ఆ దారినే వస్తున్న మేష్టారు. చేతికర్ర అవతల పారేసి, పోగుల మధ్య దూర్చిన వెదురు బద్దను రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. ఆమోసు వచ్చాడు. షికారుకొచ్చిన ప్లీడరు గుమాస్తాలు వచ్చారు. కాలవలో మొహం కడుక్కుంటున్న పడవవాళ్లు గట్టెక్కి పరుగెత్తుకొచ్చారు.

"వదులు చెయ్యకండి నాయనా, బిగువు, బిగువు" అంటూ ఆమె వెంట పరుగెత్తింది.

దేవుడి పల్లకీ మోసినట్టు మోసి, పార్కులో జనానికి రేడియో వినిపించే మండపంలోకి చేర్చారు. మండపం చాలక మడతలు తిప్పారు. కింద పెట్టడానికి లేదు. వాన తగ్గేదాకా ఎవరి బద్ద వాళ్లు పట్టుకుని అలాగే నిలబడ్డారు. మేష్టారు ఊరుకోలేక కీర్తన ఎత్తుకున్నాడు. పడవవాళ్లు హైలెస్సా అని వంత కలిపారు. చౌడేశ్వరమ్మకు నవ్వాగలేదు.

"మీ పంచె ఇవాళ మరీ పాడయిందండీ" అంది.

"పోనీలేమ్మా. గంజి పెట్టే పని తప్పిందని మా ఆవిడ మార్త సంతోషిస్తుంది."

అప్పటినుంచి ఆయన కాలవ పక్క కాలిబాట పట్టాడు. అటు గాలి బాగుందని అందరితో చెప్పేవాడు కూడా. ఆదివారాలు మాత్రం మిషను గుడి నుంచి పిల్లలు ఆడుకోవడానికి వస్తారని, ఆ రోజు పడుగు సాచబోమని చౌడేశ్వరమ్మే మాటిచ్చింది.

మొదటి ఆదివారం ఆమెకు ఇంట్లో తోచలేదు. పార్కుకే వెళ్లింది. ఇన్నాళ్లుగా వస్తున్నా అక్కడ కూర్చున్నది లేదు. కాలవ మెట్ల మీద కూర్చుని నీళ్లలో పాదాలు పెట్టింది. బందరు వెళ్లే పడవ ఒకటి నెమ్మదిగా సాగిపోతోంది. మేష్టారి భార్య మార్త వచ్చి పక్కన చతికిలబడి, ఆమె ఒళ్లో రెండు జామకాయలు పెట్టింది.

"ఏంటి వదినా, ఇవాళ చేతులు ఖాళీగా ఉన్నాయే?"

"అదే, ఈ చేతుల్ని ఏం చేసుకోవాలో తెలీట్లేదు" అంది చౌడేశ్వరమ్మ, జామకాయ కొరుకుతూ.