తలుపెయ్యి పిన్ని

మా బిల్డింగులో మా అత్తయ్య అసలు పేరు ఎవరికీ తెలియదు. అందరికీ ఆవిడ తలుపెయ్యి పిన్ని. వేసవి మొదలైందంటే మా గుమ్మం తొక్కినవాళ్లకి మంచినీళ్లకంటే ముందు ఆ మాటే అందేది. "ముందు తలుపెయ్యి, తర్వాత మాట్లాడుకుందాం." పాలాయనకీ అదే, చుట్టాలకీ అదే. కరెంటు మీటరు చూడడానికి వచ్చినాయన ఒకసారి ఆ గొంతుకి బెదిరి తలుపేశాడు గానీ, తను బయటే ఉండిపోయాడు.

మాది అన్నిటికంటే పై అంతస్తు. నెత్తిన డాబా, పడమర వైపు అడ్డులేని గోడ. ఏసీ మాట ఎత్తితే అత్తయ్యకి ఒళ్లు మండేది. "నేనుండగా ఆ డబ్బా ఎందుకు?" అనేది. నిజం చెప్పాలంటే ఆవిడ ఉండగా దాని అవసరం రాలేదు కూడా. పొద్దున ఎండ తూర్పు కిటికీ మీదకి రాకముందే రెక్కలు మూసేసేది. వంట అప్పటికే అయిపోవాలి. నేను మధ్యలో టీ పెట్టుకుంటే గిన్నె తన నెత్తిమీద పెట్టినట్టు చూసేది. మధ్యాహ్నానికి కిటికీలకి తడి దుప్పట్లు కట్టేది. పొద్దు వాలాక డాబా మీద బకెట్లకొద్దీ నీళ్లు కుమ్మరించి, అప్పుడు అన్నీ బార్లా తెరిచేది. వడగాలి కొట్టే రోజుల్లో కింది వాటావాళ్లు ఏదో వంక పెట్టుకుని వచ్చి మా హాల్లో కూర్చునేవాళ్లు. ఆవిడ మొహంలో గర్వం చూడాలి అప్పుడు!

ఇంత చేసే మనిషి బతుకంతా నిప్పుల పక్కనే గడిచింది. వీధి మలుపులో ఆవిడది ఇస్త్రీ బండి. ఇప్పటికీ బొగ్గుల పెట్టే, కరెంటుది పట్టుకోదు. ఆ పెట్టె పట్టీ పట్టీ ఆవిడ అరచేతులు చెప్పు అడుగులా మొద్దుబారాయి. పొయ్యి మీది గిన్నె మసిగుడ్డ లేకుండా దించేస్తుంది. "అత్తయ్యకి పట్టకారు దేవుడే ఇచ్చాడు" అని మేం నవ్వుకునేవాళ్లం.

ఎండంటే ఆవిడకి భయం ఎందుకో పెళ్లయిన చాలా కాలానికి గానీ నాకు తెలియలేదు. ఆవిడ చిన్నప్పుడు రేకుల గదిలో వాళ్లమ్మ వడదెబ్బకి పోయిందట. ఆ గదికి తలుపు లేదట, గోనెపట్టా ఒక్కటే అడ్డమట. "తలుపుంటే బతికేది మా అమ్మ" అంది నాతో ఒకసారి, బట్టలు మడతపెడుతూ. ఆ తర్వాత నేను ఆవిడ తలుపుల మీద జోకులు తగ్గించాను.

ఈ వేసవికి ముందే మామయ్యకి గుండె ఆపరేషన్ అయింది. ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి, ఇంజను సెగకి ఉడికీ ఉడికీ నోట మాట తగ్గిపోయిందంటారు. ఏదడిగినా "బాగుంది" అంటారు. కూరలో ఉప్పు మరిచిపోయినా బాగుంది. డాక్టరు మాత్రం గట్టిగా చెప్పాడు, ఈయనకి ఎండ తగలకూడదు, ఒళ్లు వేడెక్కితే గుండె ఆగే ప్రమాదం ఉంది అని. అప్పట్నుంచి అత్తయ్య బండి మూసేసి ఇంటికి కాపలా కూర్చుంది.

ఆ రోజు ఆకాశం మబ్బు పట్టింది. ఎండ లేదు, గాలి అంతకన్నా లేదు. ఒకటే ఉక్కపోత. అన్నాలయ్యాక కరెంటు పోయింది. మా ఆయన పనిమీద ఊరెళ్లాడు, నాకు సెలవు. అత్తయ్య మామయ్య గదిలో కిటికీలు మూసి, ఉన్న దుప్పట్లన్నీ తడిపి కట్టింది. చాలక మంచం చుట్టూ తాళ్లు లాగి చీరలు కూడా తడిపి ఆరేసింది. తలుపు మూసేసి లోపలే కూర్చుంది.

నేను మజ్జిగ తీసుకుని లోపలికి వెళ్లాను. అడుగు పెట్టగానే ఊపిరాడలేదు. ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు ఆవిరి మొహానికి కొట్టింది.

"తలుపెయ్యి" అంది అత్తయ్య.

"గాలాడట్లేదు అత్తయ్యా. కాస్త తెరుద్దాం."

"తెరిస్తే ఉన్న చల్లదనం కాస్తా పోతుంది. ఇంకో రెండు చీరలు తడిపి తీసుకురా."

మామయ్య కళ్లు సగం మూసుకుని పడుకున్నారు. మొహం ఎర్రగా కందిపోయి ఉంది. "ఒకసారి ఒళ్లు చూడండి" అన్నాను.

ఆవిడ అరచెయ్యి ఆయన నుదుటి మీద పెట్టింది. "చల్లగానే ఉన్నారు. చూడు, ఇందాకటిదాకా కారిన చెమట కూడా ఆగిపోయింది" అంది తృప్తిగా.

అప్పుడే మామయ్య గొణిగారు. "బెల్లు కొట్టవేం? బెల్లు కొట్టందే బండి ఎలా తియ్యను?"

"చూశావా, కల కంటున్నారు" అని నవ్వింది అత్తయ్య.

ఆయన కళ్లు ఇప్పుడు పూర్తిగా తెరిచి ఉన్నాయి. తెరిచిన కళ్లతో ఎవరు కల కంటారు? గ్లాసు కింద పెట్టేసి ఆయన మెడ కింద చెయ్యి పెట్టాను. కాలిపోతోంది. చర్మం పొడిగా, పెనంలా ఉంది.

"కాలిపోతున్నారు అత్తయ్యా!" అంటూ కిటికీ వైపు వెళ్లాను. ఆవిడ ఒక్క ఉదుటున లేచి అడ్డం నిలబడింది.

"కిటికీ మీద చెయ్యేశావంటే ఊరుకోను. చంపేస్తావా ఏంటి ఆయన్ని?"

"చంపుతున్నది మీరు!"

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. పెళ్లయినప్పట్నుంచి ఆవిడకి ఎదురు చెప్పి ఎరగను. ఆవిడ మొహం తెల్లబోయింది, అయినా కదల్లేదు. తోసేద్దామా అనిపించింది, అంత కోపం, అంత భయం. అంతలో ఆవిడ చేతులు కనిపించాయి. కిటికీ ఊచలు బిగించి పట్టుకున్న ఆ మొద్దు చేతులు.

"అత్తయ్యా, మీ అరచేతికి సెగ తెలియదు. మీరు సలసల కాగే గిన్నె దించే మనిషి. మీ కాళ్లు పట్టుకుంటాను, ఒక్కసారి మీ చెంప పెట్టి చూడండి."

ఆవిడ తన చేతులకేసి చూసుకుంది. తర్వాత మంచం మీదకి వంగి ఆయన నుదుటికి చెంప ఆనించింది. నిప్పు తగిలినట్టు వెనక్కి వచ్చింది.

ఆ తర్వాత నేను చెయ్యడానికి ఏం మిగల్లేదు. దుప్పట్లు, చీరలు ఆవిడే పీకి పారేసింది. కిటికీలు, వీధి తలుపు, వంటింటి తలుపు ఆవిడే తెరిచింది. "రండర్రా! ఎవరైనా రండి!" అని మెట్ల మీదకి అరిచింది. కింది వాటా ఆటో డ్రైవరు, ఆయన భార్య పరిగెత్తుకొచ్చారు. మంచం తలుపుకీ కిటికీకీ మధ్యకి లాగాం. నేను ఒళ్లంతా తడి గుడ్డతో తుడుస్తుంటే అత్తయ్య అట్టముక్క పట్టుకుని విసిరింది. పాడు గాలి, ఒక్క ఆకు కదలట్లేదు. ఆవిడ విసురుతూనే "బెల్లు కొట్టాను, బండి తియ్యండి, బెల్లు కొట్టానండీ" అని ఏడుస్తూనే ఉంది. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దింపుతున్నప్పుడు కూడా పక్కనే దిగుతూ విసిరింది.

ఆసుపత్రిలో ఆయన తెలివిలోకి వచ్చేదాకా ఆవిడ మంచినీళ్లు ముట్టలేదు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవారు కాదని డాక్టరు అన్నప్పుడు నావైపు చూడలేక గోడవైపు తిరిగింది. నేను అన్న మాట నాకు గుర్తొచ్చింది. ఆవిడ భుజం మీద చెయ్యి వేశాను. ఆవిడ తీసెయ్యలేదు.

మర్నాడు మామయ్య దిండుకి ఆనుకుని కూర్చున్నారు. అత్తయ్య మంచం పక్కన నిలబడి అడిగింది. "ఉక్కగా ఉందని నోరు తెరిచి చెప్పొచ్చు కదండీ?"

"చెప్తే ఇంకో దుప్పటి తడిపేదానివి" అన్నారు ఆయన.

నర్సు కిసుక్కున నవ్వింది. అత్తయ్య నవ్వలేదు. "ఎప్పట్నుంచి ఇలా?" అంది.

"ఎండ కాసినన్నాళ్లూ మనిల్లే చల్లన. ఇలా మబ్బు పట్టినప్పుడే కొంచెం..." అని ఆగి, "నువ్వంత కష్టపడుతుంటే ఎలా అనను?" అన్నారు.

ఆవిడ అలవాటుగా ఆయన నుదుటి మీదకి చెయ్యి చాచి, మధ్యలోనే వెనక్కి తీసుకుంది. నా ముందు ఆయన పక్కన కూర్చోడానికి కూడా మొహమాటపడే మనిషి, వార్డంతా చూస్తుండగా వంగి చెంప ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది.

"చల్లగానే ఉన్నారు" అంది లేచి. తర్వాత నావైపు తిరిగింది.

"నువ్వు కూడా ఒకసారి చూడమ్మా."