ఎండలో ఆరేసిన పియానో

మొన్న మా మనవరాలి ఫోనులో పియానో మోత వినబడి నా చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఆగిపోయింది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఏదో చలిదేశంలో, ఎప్పుడో పోయిన ఒక మహానుభావుడు పెద్ద వాద్యబృందంతో కలిసి వాయించినది. లోకం గొప్పగా చెప్పుకునే ఆ రికార్డింగు మా చిన్నాయన దగ్గర నల్లటి గ్రామఫోన్ ప్లేటుగా ఉండేది. బుక్కరాయసముద్రంలో శనక్కాయల వ్యాపారికి ఇదెందుకని అందరూ అడిగేవారు. ఆయన శబ్దం ఇంకాస్త పెంచేవాడు.

అప్పటికే ఆయనకు ఎడమ చెవి వినికిడి పోయింది. కుడి చెవి వెనక గడ్డ లేచింది. సోమవారం బెంగళూరులో ఆపరేషన్. ఆ చెవీ మిగలదని డాక్టరు ముందే చెప్పేశాడు. ఆదివారం నాలుగింటికి కారు వస్తుంది. ఆలోగా ఆ ప్లేటు ఒక్కసారి వినాలని ఆయన కోరిక.

మా చిన్నమ్మకు ఆ సంగీతమంటే తలనొప్పి. అయినా ఆ రోజు మొగుడి మీద ప్రేమ పొంగి, ప్లేటును కుంకుడు రసంతో కడిగి, మిద్దె మీద శనక్కాయల పక్కన ఆరేసింది. మా సీమలో కడిగినదేదైనా ఎండకే పెడతాం. అరగంటకు పోయి చూస్తే అంచులు అప్పడంలా లేచి ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది గానీ, నెత్తురు చుక్క లేని ఆమె ముఖం చూసి, ప్లేటును చదును చేసే దారి వెతికాను.

రెండు కడప బండలు తుడిచి, వాటి నడుమ ప్లేటును ఇరికించి, కాసేపు ఎండలో ఉంచి నీడకు లాగాం. చల్లారకముందే ఎత్తితే మళ్లీ వంకర పోతుందని భయం, ఎత్తి చూడకుంటే ప్రాణం నిలవదు. కింద నుంచి చిన్నాయన, "ఏమప్పా, యాడుండాది నా ప్లేటు?" అని మూడుసార్లు అడిగాడు. తుడుస్తున్నామని మూడుసార్లూ అబద్ధం చెప్పాను.

మూడున్నరకు తెచ్చి పెట్టాం. మొదట్లో ముల్లు ఎగిరెగిరి పడింది. దాన్ని లోపలికి జరిపాను. అక్కడ నిలిచింది. పియానో ఒక్కటే నెమ్మదిగా మొదలైంది. ఆయన కుడి చెవిని స్పీకరు పెట్టెకు ఆనించి, చివరిదాకా కదల్లేదు.

"మొదలు యాడికి పాయె?" అన్నాడు అయిపోయాక.

"నేనే ఎండకు పెట్టినా. పాడు చేసినా," అంది చిన్నమ్మ.

బయట కారు హారన్ కొడుతోంది. ఆయన ఆమెనే చూస్తూ కూర్చున్నాడు. "సరేలే. ఇంగ మీదట నువ్వు విను. నువ్వు వింటాంటే నేను నీ ముఖం చూస్తా," అన్నాడు.

చూశాడు కూడా, ఆదివారం ఆదివారం, తొమ్మిదేళ్లు. ఆమె కళ్లు మూసుకునే చోటును బట్టి సంగీతం ఎక్కడికొచ్చిందో కనిపెట్టి, వేలితో తాళం వేసేవాడు. ఆయన పోయాక కూడా చిన్నమ్మ ఆ ప్లేటు వినడం మానలేదు. గడిచిన కాలం ఎక్కడికీ పోదేమో, మనకు వినబడని రోజున పక్కనున్నవాళ్ల ముఖంలోకి చేరుతుందేమో అనిపిస్తుంది నాకు.